జూ పార్కు పిక్నిక్ ఒక్కటే మిగిలింది

నేను ఒకసారి ఒక మనిషి ఉద్యోగాన్ని అయస్కాంతంతో ఊడగొట్టబోయాను. పాపం, అయస్కాంతం ఏమీ చెయ్యలేదు. ఆ మనిషీ ఏమీ చెయ్యలేదు. చేసిందంతా నేనే. అదీ నాన్న అప్పుచేసి చెప్పించిన చదువంతా ఉపయోగించి, ఎంతో శ్రద్ధగా చేశాను. నవ్వదలచుకుంటే ఇప్పట్నుంచే మొదలుపెట్టండి, నేను తలదించుకునే ఘట్టం వచ్చేసరికి నవ్వితే బాగుండదు.

తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో గుండ్రటి గాజు భవనం అప్పుడే లేచింది. చుట్టూ బండరాళ్ళు, తుమ్మచెట్లు, ఎర్ర దుమ్ము. ఆ భవనంలో చోటు దొరికిన కంపెనీలు దాని ఫోటోను విజిటింగ్ కార్డు మీద వేసుకునేవి. చోటు దొరకని మా కంపెనీ ఎదురు సందులో ఒక డాబా రెండో అంతస్తు అద్దెకు తీసుకుని, ఆ భవనం మా కిటికీలోంచి కనిపిస్తుందని విదేశాలకు ఉత్తరాలు రాసేది. కనిపించేమాట నిజమే. కాకపోతే అది బాత్రూం కిటికీ.

నాకు ఇరవై నాలుగేళ్ళు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఏడాదయింది. ఇంగ్లండులో ఒక కంపెనీ కోసం మేము టేపు డ్రైవర్ రాస్తున్నాం. మేము అంటే నేను. టేపు డ్రైవర్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, బెదరకండి. కంప్యూటర్లో ఉన్నది పోతుందేమోనన్న భయంతో ఆ రోజుల్లో దాన్నంతా ఒక టేపు మీదికి ఎక్కించి దాచుకునేవాళ్ళు. పాటల క్యాసెట్ లాంటిదే, కాస్త ఒళ్ళు చేసి ఉంటుంది. ఆ టేపును తిప్పే యంత్రం భాష కంప్యూటర్‌కి రాదు, దీని భాష దానికి రాదు. మధ్యలో కూర్చుని ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేసే ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. పెళ్ళిళ్ళ పేరయ్య చేసే పనే. నేను రాసిన డ్రైవర్‌కి పేరయ్య గుణాలన్నీ వచ్చాయి. ఒకటి తొందర. రెండోది, అవతలివాళ్ళు చెప్పిన అభ్యంతరాన్ని ఇవతల చెప్పకుండా మింగేయడం.

అవి ఎలా వచ్చాయంటారా? మా దగ్గర హార్డ్ డిస్క్ డ్రైవర్ ఒకటి అప్పటికే నిక్షేపంగా పనిచేస్తోంది. దాన్ని కాపీ చేసి, డిస్క్ అన్న చోటల్లా టేప్ అని మార్చేశాను. మూడు నెలల పని పదకొండు రోజుల్లో తేలిపోయింది. మా మేనేజరు సూర్యనారాయణ గారిది భీమవరం. ఎవరినైనా సరే, అండీ అనకుండా తిట్టలేని మనిషి.

"మూడు నెలలన్నారు కదండీ శేఖర్ గారూ, అప్పుడే అయిపోయిందాండీ?" అన్నారు.

"అయిపోయింది సార్. డిస్కూ దాచుకునేదే, టేపూ దాచుకునేదే. తేడా ఏముంది?"

"తేడా ఏమీ లేదంటారు?"

"ఇది చుట్టుకుని ఉంటుంది సార్, అంతే."

ఈ మాట నేను నిజంగానే అన్నాను. అని ఊరుకోకుండా ఆ ప్రోగ్రామంతా ప్రింటు తీయించి, అమీర్‌పేట వెళ్ళి స్పైరల్ బైండింగు చేయించి, టేబుల్ మీద నలుగురికీ కనబడేలా పెట్టుకున్నాను. ఎవరైనా దాని మీద టీ గ్లాసు పెట్టబోతే, "జర చూస్కోండి, అది నా డ్రైవర్" అనేవాణ్ణి. వచ్చిన ఏడాదిలో జర అనడం ఒక్కటి బాగా నేర్చుకున్నాను.

పరీక్షలు కూడా చేశాను. కొత్త టేపు మీద చిన్న చిన్న ఫైళ్ళు రాశాను. అన్నీ పాసయ్యాయి. ఒకటో తరగతి పిల్లాడికి ఒకట్ల ఎక్కం ఒప్పజెప్పించి, లెక్కల్లో దిట్ట అని సర్టిఫికెట్ ఇచ్చినట్టు.

అంతకుముందు మా ఆఫీసులో పనినంతా ఫ్లాపీల్లోకి ఎక్కించి డబ్బాలో దాచేవాళ్ళం. టేపు వచ్చిందన్న గర్వంతో ఆ ఫ్లాపీలన్నీ నేనే చెరిపేసి, ప్రసాదం పంచినట్టు అందరికీ పంచిపెట్టాను. ఆ శుక్రవారం మా పెద్ద కంప్యూటర్లో డిస్కును పూర్తిగా తుడిచి కొత్త సిస్టమ్ ఎక్కించాల్సి వచ్చింది. ఏడుగురం చేసిన పనంతా అందులోనే ఉంది. ఇంగ్లండుకి ఆఖరుసారి పంపి నెల రోజులయింది. ఆ తర్వాత చేసినదానికి ఇంకెక్కడా రెండో కాపీ లేదు.

"దేనికైనా మంచిది, కొన్ని ఫ్లాపీల్లో కూడా తీద్దామాండీ?" అన్నారు సూర్యనారాయణ గారు.

"మన డ్రైవర్ మీద మనకే నమ్మకం లేకపోతే ఎట్లా సార్?"

ఆయన తీసిన ఫ్లాపీని మళ్ళీ సొరుగులో పెట్టేశారు. మధ్యాహ్నం రెండింటికి టేపు తిరగడం మొదలైంది. నాలుగింటికి ఆగింది. తెరమీద "విజయవంతం" అని పడింది. ఆ మాట తెరమీద పడేలా రాసింది నేనే కాబట్టి నాకు మరీ నమ్మకం కలిగింది. టేపును ఒకసారి తిరిగి చదివి చూసుకోవాలంటే ఇంకో రెండు గంటలు పడుతుంది. శుక్రవారం సాయంత్రం రెండు గంటలు ఎవరిస్తారు? ఐదయ్యేసరికి డిస్కు తుడిచేశాను.

టేపును ఆఫీసులో ఉంచకూడదని మా యజమాని నియమం. ఆఫీసు తగలబడినా టేపు దక్కాలట. అందుకని, ఇదివరకు ఫ్లాపీల డబ్బాను పంపినట్టే, దాన్నీ జీడిమెట్లలో ఆయన బావమరిది మందుల ఫ్యాక్టరీలో ఉన్న ఇనప బీరువాకు పంపాం. డబ్బాల కొద్దీ రసాయనాలున్న ఆ ఫ్యాక్టరీ మా డాబా కన్నా ముందు తగలబడుతుందని ఎవరికీ తట్టలేదు. తీసుకెళ్ళేది మా వాచ్‌మన్ యాదగిరి. నల్గొండ జిల్లా మనిషి, నలభై ఐదేళ్ళుంటాయి. పగలంతా గేటు దగ్గర ఉండి, శుక్రవారం సాయంత్రం రెండు బస్సులు మారి జీడిమెట్ల వెళ్ళి, సోమవారం పొద్దున మళ్ళీ తెచ్చేవాడు. ఆ రోజు టేపు అందుకుంటున్నప్పుడు అతని చేతిసంచిలో ఒక లౌడ్‌స్పీకర్ ఉండడం నేను చూశాను. సెలవు రోజుల్లో అతను స్పీకర్లు రిపేరు చేస్తాడు. చూసి, ఏమీ అనలేదు. ఆ చూసిందే తర్వాత నాకు బంగారుగని అయింది.

సోమవారం పదింటికి టేపు పెట్టి, "అంతా తిరిగి తీసుకురా" అని ఆజ్ఞాపించాను. మిగతా ఆరుగురూ నా వెనక నిలబడ్డారు. తెరమీద ముందు కాసేపు చిత్తు అక్షరాలు పరుగెత్తాయి. తర్వాత ఒక్క ఫోల్డరు వచ్చింది. టేపు ఆగిపోయింది.

మా ఫోల్డర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల వరుసలో టేపెక్కాయి. వాటిలో చిట్టచివరిది జూ. అంటే, సూర్యనారాయణ గారు స్వయంగా తయారుచేసిన జూ పార్కు పిక్నిక్ జాబితా. పులిహోర ఎవరు తేవాలి, గ్లాసులు ఎన్ని కావాలి, చాప ఎవరిది, ఏనుగు దగ్గర ఎన్ని గంటలకు కలవాలి, అంతా చెక్కుచెదరకుండా ఉంది. ఏడుగురి నెల రోజుల పని మాత్రం లేదు.

సూర్యనారాయణ గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"శేఖర్ గారూ, నాకు పులిహోర కనబడుతోందండీ. మిగతాది ఎక్కడుందండీ?"

ఆ క్షణంలో నిజాయితీ ఉన్నవాడు "నా డ్రైవర్‌ని చూస్తాను సార్" అంటాడు. నేను తెలివైనవాణ్ణి కదా, యాదగిరి సంచి గుర్తు చేసుకున్నాను.

"సార్! అయస్కాంతం!" అని అరిచాను.

"ఏ అయస్కాంతమండీ?"

"యాదగిరి సంచిలో లౌడ్‌స్పీకర్ ఉంది సార్. దాని వెనక అరచేయంత అయస్కాంతం ఉంటుంది. టేపు మీద రాతంతా అయస్కాంతపు రాతే. రెండు బస్సుల్లో రెండు గంటల ప్రయాణం. మొత్తం తుడిచేసింది!"

అందరి మొహాలూ వెలిగాయి. తప్పు మనది కాదని తెలిస్తే మనిషికి వచ్చే కళే వేరు. నేను బోర్డు మీద స్పీకర్ బొమ్మ, టేపు బొమ్మ, మధ్యలో వంకర గీతలు వేసి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఇంగ్లండు కంపెనీ తరఫున మాతో మాట్లాడే డేవిడ్ అనే ఆయన, జరిగినదానికి కారణం ఏమిటో మంగళవారం నాలుగింటికి ఫోన్‌లో చెప్పమన్నాడు. నేను మూడు పేజీల నివేదిక రాశాను. అందులో "బాహ్య అయస్కాంత క్షేత్ర ప్రభావం" అనే మాట తొమ్మిదిసార్లు వచ్చింది. రాసిన ప్రతిసారీ నా మీద నాకే గౌరవం పెరిగింది. యాదగిరి పేరు ఒక్కసారే, అదీ ఆఫీసు కాపీలోనే వచ్చింది; ఇంగ్లండుకి పంపినదాంట్లో ఒట్టి వాచ్‌మన్ అనే ఉంది. ఒక్కసారి చాలింది. సూర్యనారాయణ గారు సెక్యూరిటీ ఏజెన్సీకి ఫోన్ చేసి, రేపు సాయంత్రానికి ఇంకొకరిని పంపమన్నారు.

మంగళవారం భోజనాల వేళకి యాదగిరి టోపీ చేత్తో పట్టుకుని పైకి వచ్చాడు. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను.

"సార్, జర ఒక్క మాట. నన్ను తీసేస్తున్నరంట గద."

"నేనేం చేసేది యాదగిరీ? అయస్కాంతం పక్కన టేపు పెడతారా ఎవరైనా?"

"పెట్టరు సార్. గది నాకెర్కే. మైక్ సెట్ దుకాన్ల పన్నెండేండ్లు జేసిన. గందుకే సంచి బస్సుల కింద వెట్టి, టేపు చేతుల్నే వట్టుకున్న. జీడిమెట్ల దాంక నిలవడే వోయిన."

"అయినా ప్రభావం ఉంటుంది. సైన్సు నీకు తెలీదులే."

"తెల్వది సార్. సామాను ఖరాబు జేసిండని రాస్తే ఏజెన్సోడు నన్ను ఇంకేడ వెట్టడు. బిడ్డ పదో తరగతి సదువుతున్నది. గందుకే అడుగుతున్న, కోపం జెయ్యకుండ్రి. ఆ టేపుల ఏమన్న మిగిలిందా?"

"చిట్టచివర రాసింది మిగిలింది."

"ఏడున్నది? టేపు ఆఖరుకా?"

"కాదు. మొదట్లో."

యాదగిరి కాసేపు నన్ను చూశాడు. పదో తరగతి బిడ్డకి లెక్క తప్పయినప్పుడు ఇలాగే చూస్తాడనుకుంటాను.

"సార్, అయస్కాంతం తుడుస్తది. మంచిదే. ఆఖరుకున్నదాన్ని తీస్కొచ్చి ముంగట వెడ్తదా?"

నేను బోర్డు మీది నా వంకర గీతల వైపు తిరిగాను. వాటిలో ఒక్కటి కూడా ఆఖరుదాన్ని ముందుకు మోసుకొచ్చేలా లేదు.

"మా దుకాన్ల ఒకపారి గిట్లనే అయింది సార్. పెండ్లికాడ పాటలు రికార్డు జేస్తున్న. నడుమ కరెంట్ వోయింది. ఎవలో రీలు ఎన్కకు తిప్పి వెట్టిన్రు. కరెంట్ రాంగనే నేను సూడకుండ రికార్డు ఒత్తిన. ఇగ మిగిలిన పాటంత ముంగట్లకొచ్చి కూసున్నది, ఎన్కటిదంత వాయె. మా సేటు నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ యాదికున్నయి. మీ టేపును సుత ఎవలో నడుమల ఎన్కకు తిప్పిన్రు సార్."

"ఎవరూ తిప్పలేదు. మెషీన్ దగ్గర ఎవరూ లేరు. నా డ్రైవర్ ఒక్కటే ఉంది."

"మరి గదేనేమో సార్," అన్నాడు యాదగిరి, చాలా మర్యాదగా.

అతను దిగి వెళ్ళాక స్పైరల్ పుస్తకం తెరిచాను. బైండింగు చేయించాక దాన్ని తెరవడం అదే మొదటిసారి. నలభై ఒకటో పేజీలో నా ఘనకార్యం కనబడింది.

డిస్కు చురుకైనది. అడగ్గానే పని చేసి జవాబిస్తుంది. పది సెకన్లు పలక్కపోతే బిగుసుకుపోయిందని అర్థం, డ్రైవర్ దాన్ని గట్టిగా ఒకటి చరిచి మళ్ళీ మొదటినుంచి లేపుతుంది. లేచిన డిస్కు "నన్ను ఎవరో లేపారు" అని గొణుగుతుంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదు, ఎందుకంటే డిస్కుకి ప్రతిసారీ ఫలానా చోట రాయి అని చిరునామా చెప్తాం. టేపు అలా కాదు. మధ్యలో మచ్చ తగిలితే కాస్త వెనక్కి జరిగి, మళ్ళీ ప్రయత్నించి, నిదానంగా అర నిమిషం తీసుకుంటుంది. నా డ్రైవర్ పది సెకన్లు చూసి చరిచింది. ఉలిక్కిపడ్డ టేపు మొత్తం వెనక్కి చుట్టుకుని, "నేను మొదటికొచ్చేశాను బాబూ, చూసుకో" అని చెప్పింది. పేరయ్య ఆ మాట మింగేసి, "ఊఁ, రాయి, రాయి" అన్నాడు. చిరునామా లేని టేపు ఉన్నచోటే రాసింది. రాత ఆగిన చోట టేపు అయిపోయినట్టు గుర్తు పడుతుంది, దాని వెనక ఏమున్నా యంత్రం ఇక చదవదు. పులిహోర వచ్చి అందరి నెత్తినా కూర్చుంది.

చుట్టుకుని ఉంటుంది, అంతే సార్. ఆ మాట గుర్తొచ్చి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. దానికన్నా పెద్ద సిగ్గు ఇంకొకటుంది, దాచను. ఈ సంగతి తెలిసింది నాకూ యాదగిరికీ మాత్రమే కదా, అతని మాట ఎవరు నమ్ముతారు అని ఒక నిమిషంపాటు ఆలోచించాను. ఆ నిమిషం తల్చుకుంటే నాకిప్పటికీ నవ్వు రాదు.

మూడున్నరకి సూర్యనారాయణ గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అయస్కాంతమే బాగుందండీ," అన్నారు చివరికి.

"కానీ సార్, అది నిజం కాదు."

"నిజమని నేను అన్లేదండీ. బాగుందన్నాను. మీ డ్రైవర్ తప్పంటే మనం మొత్తం మళ్ళీ రాసివ్వాలండీ. అయస్కాంతమంటే మళ్ళీ రాయక్కర్లేదు కదండీ."

"యాదగిరి ఉద్యోగం పోతుంది సార్."

"అతనికి ఇంకో చోట దొరుకుతుందిలెండి."

"దొరకదంట సార్."

అంతలో ఫోన్ మోగింది. స్పీకర్ ఫోన్ చుట్టూ అందరం కూర్చున్నాం. కిటికీలోంచి కింద గేటు కనబడుతోంది. కొత్త వాచ్‌మన్ ఇస్త్రీ యూనిఫాంలో వచ్చి నిలబడ్డాడు. యాదగిరి అతనికి తాళాల గుత్తి ఇచ్చి, ఏ తాళం ఏ తలుపుదో ఓపిగ్గా చూపిస్తున్నాడు.

"నివేదిక చదివాను. అయస్కాంతం అంటున్నారు," అన్నాడు డేవిడ్.

"అవునండీ," అని సూర్యనారాయణ గారు మొదలుపెట్టబోయారు.

"కాదు," అన్నాను నేను. ఎవరో నా గొంతుతో మాట్లాడినట్టు వినపడింది. "తప్పు నా డ్రైవర్‌ది. డిస్కు డ్రైవర్‌ని కాపీ కొట్టాను. టేపు వెనక్కి తిరిగిపోయానని చెప్పినా వినిపించుకోకుండా దాని మీదే రాసింది. అయస్కాంతం సంగతి నేను కల్పించింది."

సూర్యనారాయణ గారు కళ్ళు మూసుకున్నారు. అవతల డేవిడ్ అడిగాడు.

"ఇది పట్టుకోవడం తేలిక కాదే. ఎవరు పట్టుకున్నారు?"

"మిస్టర్ యాదగిరి."

"మీరు పంపిన టీం పట్టికలో ఆ పేరు లేదే?"

"ఆయన గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటారండీ," అన్నారు సూర్యనారాయణ గారు, కళ్ళు తెరవకుండానే.

"టేపులతో ఆయన అనుభవం ఎంత?"

"పన్నెండేళ్ళు," అన్నాను. అబద్ధం కాదు కదా.

"మీ టీం అంతటికీ కలిపి?"

నావి పదకొండు రోజులున్నాయి గానీ చెప్పబుద్ధి కాలేదు.

"సరే. డ్రైవర్ మళ్ళీ రాయండి. పరీక్షలన్నీ మిస్టర్ యాదగిరి చూడాలి. ఆయన సంతకం లేకుండా పంపితే తీసుకోను," అని డేవిడ్ ఫోన్ పెట్టేశాడు.

సూర్యనారాయణ గారు లేచి కిటికీ దగ్గరికి పరుగెత్తి, "యాదగిరి గారూ! తాళాలు ఇవ్వకండీ! తాళాలు వెనక్కి తీసుకోండీ!" అని కేకేశారు. ఆయన నోటివెంట ఆ గారు రావడం వీధి వీధంతా విన్నది.

మర్నాటి నుంచి నాలుగు వారాలు రోజూ రెండింటికి యాదగిరన్న పైకి వచ్చి, నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అన్న అనడం అప్పుడే మొదలుపెట్టాను. టేపు రాస్తుండగా మధ్యలో మెషీన్ కరెంటు పీకేసి, "ఇగ సూడుండ్రి ఏం జేస్తదో" అనేవాడు. రెండుసార్లు నా డ్రైవర్‌ని ఫెయిల్ చేశాడు. మూడోసారి అది రాయడం ఆపేసి, టేపు ఎక్కడుందో నాకు తెలియడం లేదని తెరమీద ఒప్పుకుంది. అన్న మొహం విప్పారింది.

"గిదే కావాలె సార్. తెల్వకుంటె తెల్వదని చెప్పి ఊకోవాలె. పక్కోని మీద ఎయ్యొద్దు."

ఆ చివరి వాక్యం డ్రైవర్‌ని ఉద్దేశించింది కాదని నాకు తెలుసు. ఆయన కాగితం మీద యాదగిరి అని తెలుగులో గుండ్రంగా సంతకం పెట్టాడు. ఇంగ్లండులో దాన్ని ఏమని చదువుకున్నారో తెలియదు గానీ, డ్రైవర్‌ని మాత్రం తీసుకున్నారు.

మిగతా ఆరుగురూ పోయిన నెల రోజుల పనిని గుర్తున్నంత మేర మళ్ళీ టైపు చేశారు. నాతో వారం రోజులు ఎవరూ మాట్లాడలేదు. పిక్నిక్ మాత్రం అనుకున్న తేదీకి, అనుకున్న వేళకి, ఏనుగు దగ్గరే మొదలైంది. కంపెనీ మొత్తంలో సమాచారం పక్కాగా ఉన్న కార్యక్రమం అదొక్కటే మరి. ఏడుగురికీ పులిహోర నేనే మోశాను.

ఆనాడే జూ పార్కులో, ఏనుగు సాక్షిగా, ఒక ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ యంత్రాన్నీ పది సెకన్లకే చరచను. అది చెప్పిన అభ్యంతరాన్ని మింగను. నాకు అర్థంకాని తప్పు కింద ఇంకొకరి పేరు రాయను. ఈ ప్రమాణాన్ని కాగితం మీద పెట్టి, రెండు కాపీలు తీసి, రెండూ మొదటినుంచి చివరిదాకా తిరిగి చదివి చూసుకుని, యాదగిరన్న సరేనన్నాకే సంతకం చేశాను.